పియానోకి చెంబెడు నీళ్ళు

గుంతకల్లులో మా తాతవాళ్ళింట్లో పియానో ఉండేదంటే హైదరాబాద్ ఫ్రెండ్స్ ఎవరూ ముందు నమ్మరు. అనంతపురం జిల్లా అనగానే వాళ్ళకి గుర్తొచ్చేవి వేరుశనక్కాయలు, ఫ్యాక్షన్ సినిమాలు, కరువు. పియానో అనగానే గుర్తొచ్చేది పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలో జమీందారు బంగళా, మెట్ల పక్కన నల్లటి పెట్టె, దాని ముందు సూటేసుకున్న హీరో, స్తంభానికి ఆనుకుని కళ్ళొత్తుకునే హీరోయిన్. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా ఇముడుతాయని వాళ్ళ అనుమానం.

నిజం చెప్పాలంటే ఇమడలేదు కూడా. మా ఇంట్లో ఆ పియానో నడవలో గోడకి ఆనించి ఉండేది. దాని మీద స్టీలు డబ్బాలు, పండగ గిన్నెలు, ఒక మూలన కరెంటు బిల్లులు. వాయించడం వచ్చినవాళ్ళు మా వంశంలో ఒక్కరూ లేరు.

అదెలా వచ్చిందో చెప్పడం సులువే. గుంతకల్లు అంటే రైల్వే. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కాలం నుంచీ ఆ ఊరికి జంక్షన్ అన్న పేరే తప్ప వేరే పేరు లేదు. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లుగా పనిచేసే ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు అక్కడ ఉండేవి. స్వాతంత్ర్యం తర్వాత ఒక్కొక్కటే ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో వెళ్ళిపోతూ, ఓడలో పట్టని సామాను అమ్ముకునేవాళ్ళు. మా తాత రైల్వేలో వడ్రంగి. 1960లలో అలా వెళ్ళిపోతున్న ఒక ఇంటివాళ్ళ దగ్గర పియానో కొన్నాడు. సంగీతం కోసం కాదు, కలప కోసం. ఏళ్ళ తరబడి ఆరిన మంచి చెక్క అంత చవగ్గా దొరకదు, రెండు మంచాలూ ఒక బీరువా అవుతుందని లెక్కేసుకున్నాడు. ఎంతకి కొన్నాడంటే మాత్రం అడిగిన ప్రతిసారీ ఒక్కో లెక్క చెప్పేవాడు.

"పగలగొడదామనే కొన్నా. ముందరి పలక ఇప్పి చూసినాక చెయ్యాడలేదు," అనేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ పలక తీసి నాకూ చూపించాడు. పియానో లోపల చూడనివాళ్ళకి చెప్పాలంటే కష్టం. హార్మోనియంలాగా లోపలంతా ఖాళీగా, గాలితో ఉంటుందనుకున్నాను. చూస్తే వరసగా 88 చిన్న చిన్న సుత్తులు, వాటి వెనక చెక్క వేళ్ళలాంటివి, స్ప్రింగులు, తోలు ముక్కలు, నాడాలు. ఒక్కో మెట్టు వెనక పదుల కొద్దీ భాగాలు. ఒక వడ్రంగి ఇది చూసి పగలగొట్టలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. "యా మేకూ కనపడదు సూడు, అంతా కుదురుకోనుండాది," అన్నాడు.

మెట్టు నొక్కమన్నాడు. నొక్కాను. మెట్టు కిందికి దిగింది సెంటీమీటరు. లోపల సుత్తి కదిలింది దాదాపు ఐదు సెంటీమీటర్లు. మెట్టు తక్కెడ కర్ర లాంటిది, దాని అవతలి కొస ఇంకో మీటని ఎత్తుతుంది, ఆ మీట సుత్తిని తోస్తుంది. ఇక్కడిదాకా ఎవరైనా ఊహించగలరు. అసలు కిటుకు చివరి రెండు మూడు మిల్లీమీటర్లలో ఉంది. సుత్తి తీగని తాకబోయే ముందు, దాన్ని తోస్తున్న మీట పక్కకి జారిపోతుంది. అక్కణ్ణుంచి సుత్తిని ఎవరూ తొయ్యరు. ఉండేలు నుంచి వదిలిన రాయిలాగా తనంతట తనే వెళ్ళి తీగకి తగిలి వెనక్కి పడుతుంది. వేలితో మెట్టుని ఎంత గట్టిగా అదిమిపట్టినా సుత్తి మాత్రం తీగ మీద నిలవదు. నిలిస్తే మోత అక్కడికక్కడే చచ్చిపోతుంది. గంట కొట్టి, ఆ కర్రని గంటకే ఆనించి ఉంచితే ఏమవుతుందో అదే.

ఇది కనిపెట్టినవాడు బార్తొలొమెయో క్రిస్తోఫోరి. ఇటలీలో ఫ్లోరెన్స్ పట్నంలో మెదీచీ ప్రభువుల వాయిద్యాలు చూసుకునే పనివాడు. 1700 నాటి వాళ్ళ సామాన్ల జాబితాలో ఈ వాయిద్యం ఉంది. అప్పటిదాకా ఉన్న హార్ప్‌సికార్డ్‌లో తీగని కొట్టరు, మీటుతారు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా మోత ఒకటే. కొత్తదానిలో రెండూ పలుకుతాయి కాబట్టి "మెల్లగా, గట్టిగా" అని అర్థం వచ్చేలా పియానో ఎ ఫోర్తే అన్నారు. వాడుకలో సగం రాలిపోయి "మెల్లగా" ఒక్కటే మిగిలింది. లోపల ఒక లారీ బరువంత బిగువున్న యంత్రాన్ని లోకమంతా "మెల్లగా" అని పిలుస్తోంది.

సుత్తి అలా చేతిలోంచి వెళ్ళిపోవడం గురించి తర్వాత చాలా ఆలోచించాను. వీణ మీద మీటిన తర్వాత కూడా తీగ వేలి కిందే ఉంటుంది. లాగొచ్చు, ఊపొచ్చు, పక్క స్వరానికి జార్చొచ్చు. గమకమంతా మీటాకే కదా పుట్టేది. పియానోలో సుత్తి తగిలాక వాయించేవాడు చేయగలిగింది ఒక్కటే. మెట్టు వదిలితే డ్యాంపర్ వచ్చి తీగని మూసేస్తుంది, వదలకపోతే అది దానంతటదే ఆరిపోతుంది. మధ్యలో ఇంకేం లేదు. అందుకే ఫిజిక్స్ వాళ్ళు, "నీ భావం, నీ స్పర్శ అన్నీ కలిపి చివరికి సుత్తి వేగం అనే ఒక్క అంకెలోకి వస్తాయి" అంటారు. పియానిస్టులు ఒప్పుకోరు. వేలు మెట్టుకి తగిలే చప్పుడు, మెట్టు అడుగు తాకే చప్పుడు కూడా మోతలో కలుస్తాయి కాబట్టి వాళ్ళ మాటలోనూ కొంత నిజం ఉంది. నాకు వాయించడం రాదు కనక ఈ తగువులో దిగను.

మా సీమకీ పియానో చెవికీ ఉన్న సంబంధం ఒకటి మాత్రం ఇక్కడ చెప్పాలి. 1919 ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లెకి, బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి కొన్నాళ్ళున్నారు. జనగణమనకి ఆయన ఇంగ్లీషు అనువాదం అక్కడే రాశారు. ఆ కాలేజీ ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో సంగీతంలో డిగ్రీ చేసిన మనిషి, పియానో వాయించేవారు. టాగూర్ పాడగా విని ఆ పాటకి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాసింది ఆవిడే. స్వరలిపి అంటే పాటని మెట్లు మెట్లుగా కాయితం మీద పెట్టడం. పియానో కూడా అంతే, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏదీ ఉండదు. స్కూల్లో ప్రేయర్ టైములో మనం ఆ పాటని జారుడు లేకుండా, మెట్టు మెట్టుగా పాడుతుంటే నాకు ఈ సంగతి గుర్తొస్తుంటుంది.

మళ్ళీ మా నడవలోకి వస్తాను. తాత పోయి చాలా ఏళ్ళయింది. అవ్వ రెండేళ్ళ కింద పోయింది. ఇల్లు అమ్మాలని నాన్నా చిన్నాన్నా అనుకున్నారు. పియానోకి రెండు బేరాలు వచ్చాయి. ఒకటి పాత ఇనప సామాన్ల వ్యాపారిది. లోపలి ఇనప చట్రానికి తూకం లెక్కన ఇస్తానన్నాడు. రెండోది బెంగళూరులో కెఫే పెట్టబోతున్న ఒకతనిది. లోపలి సామానంతా తీసేసి అరలు పెట్టించి, సీసాలూ గ్లాసులూ సర్దుకునే బీరువా చేయిస్తాడట. ఇలాంటివి ఇప్పుడు ఫ్యాషన్. మంచి రేటే చెప్పాడు. ఇద్దరిలో ఎవరికిచ్చినా పియానో అన్నది మిగలదు. ఇచ్చేముందు ఒక్కసారి అది మోగగలదో లేదో తెలుసుకోవాలనిపించి, జూన్ చివర్లో బెంగళూరు నుంచి ఒక ట్యూనర్‌ని రప్పించాను. అరవై దాటిన మనిషి, కన్నడ యాస తెలుగు, భుజాన తోలు సంచి.

ఆయన వస్తూనే మెట్లు ముట్టుకోలేదు. పియానోని గోడ నుంచి జరిపించి వెనకవైపు చూశాడు. అక్కడ గోధుమరంగు చెక్క పలక ఒకటి పియానో వెడల్పంతా పరుచుకుని ఉంది, దాని మీద ఏటవాలుగా బద్దెలు. ఇన్నేళ్ళలో నేను దాన్ని వెనక తలుపు అనుకున్నాను. "ఇదే పియానో. మిగిలిందంతా దీన్ని కదిలించేకి," అన్నాడాయన.

నా మొహం చూసి సంచిలోంచి శ్రుతిదండం తీశాడు. ఉక్కుతో చేసిన రెండు పళ్ళ ఫోర్కు. మోకాలికి కొట్టి గాల్లో పట్టుకున్నాడు. ఏమీ వినపడలేదు. మళ్ళీ కొట్టి దాని కాడని నేల మీద ఆనించాడు. మాది తాడిపత్రి బండ పరిచిన నేల. సన్నగా, ఎక్కడో దోమ పాడినట్టు వినపడింది, అంతే. మూడోసారి కొట్టి అవ్వ గది టేకు తలుపుకి ఆనించాడు. గది పలికింది. నాలుగోసారి ఆ వెనక పలకకి ఆనించాడు. నడవంతా నిండిపోయింది. వంటింట్లోంచి అమ్మ బయటికొచ్చింది.

ఫోర్కు అదే, దెబ్బ అదే. తేడా అంతా దేనికి ఆనించామన్నదే. తీగ సంగతీ ఇంతే. ఉక్కు తీగ ఎంత కంపించినా దాని ఒళ్ళు సన్నం. చేత్తో నీళ్ళు తొయ్యడానికీ దబ్బనంతో తొయ్యడానికీ ఉన్న తేడా. గాలి పక్కకి తప్పుకుంటుందే తప్ప కదలదు. అందుకే తీగలన్నిటినీ బ్రిడ్జి అనే గట్టి చెక్క మీదుగా లాగి, ఆ బ్రిడ్జిని ఈ పలకకి అతికిస్తారు. తీగ కంపనం బ్రిడ్జి మీదుగా పలకలోకి దిగుతుంది. వెడల్పాటి పలక మొత్తం గాలిని తోస్తుంది. మనం వింటున్నది తీగని కాదు, చెక్కని.

మరి ఆ పలక ఎలా ఉండాలి? తాడిపత్రి బండలా బరువుగా ఉంటే తీగ చాలాసేపు ఊగుతుంది కానీ ఎవరికీ వినపడదు. అప్పడంలా పల్చగా ఉంటే తీగలోని శక్తినంతా ఒక్క గుక్కలో తాగేస్తుంది, ఠప్ మని మోగి ఆగిపోతుంది. ఈ రెంటికీ మధ్య, తీగ దగ్గర తీసుకున్నది కొంచెం కొంచెంగా గాలికి ఇచ్చే చెక్క కావాలి. చలిదేశాల్లో నిదానంగా పెరిగే స్ప్రూస్ చెట్టు అలాంటిది. తేలిక, కానీ గట్టి. దాని పోగు వెంట ధ్వని దాదాపు ఉక్కులో వెళ్ళినంత వేగంగా వెళ్తుంది. ఆ చెక్కని సెంటీమీటరు కంటే కొంచెం తక్కువ మందంలో కోసి, వెనక బద్దెలు అతికించి, మధ్యలో కనపడీ కనపడనంత ఉబ్బుగా ఉండేట్టు చేస్తారు. ఆ ఉబ్బే తీగల్ని కింద నుంచి ఎత్తిపట్టుకుంటుంది.

ఎత్తిపట్టుకోవడమంటే మామూలు పని కాదు. తీగలు 220, 230 దాకా ఉంటాయి. అడుగు స్వరాలకి రాగి చుట్టిన లావుపాటి తీగ ఒక్కొక్కటే, తర్వాత రెండేసి, మధ్య నుంచి పైకి మూడేసి. అన్నీ కలిపి లాగే బలం 15 నుంచి 20 టన్నుల మధ్య. ఇందుకే 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ అనే ఆయన ఒకే పోతగా ఇనప చట్రం పోసి పేటెంటు తీసుకున్నాడు. మా ఇనప సామాన్ల వ్యాపారి కన్ను పడింది దాని వంశం మీదే.

ఇంకో మాట. సుత్తుల తలలకి ఉండే మెత్త గొర్రె బొచ్చుతో చేసిందే. కురుబోళ్ళ కంబళిలా నేసింది కాదు, అదిమి అదిమి గట్టిపరిచింది. మెల్లగా కొడితే పై పొర మెత్తదనం తగిలి మోత గుండ్రంగా వస్తుంది, గట్టిగా కొడితే లోపలి గట్టి పొర దాకా నొక్కుకుని పదునుగా వస్తుంది. అంటే గట్టిగా కొట్టినప్పుడు మోత పెరగడమే కాదు, గొంతే మారుతుంది. వాల్యూమ్ బటన్ తిప్పినట్టు కాదు, మనిషి అరిచినట్టు. మా సుత్తుల్లో సగం పురుగులు తినగా మిగిలినవి కాబట్టి మా పియానో ఎప్పుడూ కొంచెం అరుస్తూనే ఉంటుంది.

ట్యూనర్ పలక మీద వేలితో రాస్తూ ఒక చోట ఆగాడు. పైనుంచి కిందికి జానెడున్నర పగులు. నాకు గుండె జారింది. ఆయన మాత్రం తల ఊపి, "పగులుతో భయం లేదమ్మా. వెనక బద్దెలు ఊడితే భయం. ఇవి ఊడలేదు," అన్నాడు. ఆ తర్వాత, "ఈ ఊళ్ళో ఇది ఇన్నాళ్ళు ఎట్ల బతికింది?" అని అడిగాడు. మాట వరసకి అడిగింది కాదు.

ఎందుకంటే చెక్క గాలిలోని తేమని తాగుతుంది. తాగినప్పుడు పోగుకి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. పియానోవాళ్ళు గాలిలో తేమ 40, 50 శాతం దగ్గర నిలకడగా ఉండాలంటారు. అనంతపురం సంగతి తెలిసిందే. నైరుతి గాలుల తడి అంతా పడమటి కనుమల అవతలే దిగిపోతుంది, ఈశాన్య గాలులు ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాది మొత్తానికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మాదొకటని మా సోషల్ టీచరు దాదాపు గర్వంగా చెప్పేది. ఎండాకాలం మధ్యాహ్నాలు గాలిలో తేమ 30 శాతం లోపుకి పడిపోవడం మామూలే. అప్పుడు పలక ముడుచుకుంటుంది. దాని ఉబ్బు అణుగుతుంది. తీగల్ని ఎత్తిపట్టుకున్నది కిందికి దిగింది కాబట్టి తీగలు వదులవుతాయి, శ్రుతి దిగుతుంది. అదీ అన్ని మెట్లకీ ఒకేలా కాదు. మధ్యలోవి ఎక్కువ, అంచుల్లోవి తక్కువ. పియానో తనతో తనే కలవకుండా పోతుంది. ఇంకా ఎండితే పిన్నులు పట్టుకుని ఉన్న దిమ్మ కూడా ముడుచుకుని, పిన్నులు వదులై, తీగ నిలవదు. ఆఖరికి పగులు.

వలస దేశాలకి పంపే పియానోలని ఇంగ్లండు కంపెనీలు వేరేగా చేసేవట, జిగురు ఒక్కదాన్నే నమ్ముకోకుండా అతుకులకి ఇత్తడి మరలు బిగించి. మా దానికీ ఆ మరలున్నాయి. పేరు పలక మీద "లండన్" తప్ప మిగతా అక్షరాలు చెరిగిపోయాయి. మద్రాసు మౌంట్ రోడ్డులో మిస్క్విత్ కంపెనీలాంటి వాళ్ళు ఇలాంటివి తెప్పించి దక్షిణాదంతా అమ్మేవాళ్ళు. మాదీ ఆ దారినే వచ్చి ఉండొచ్చు. కానీ మరలు ఒక్కటే దాన్ని బతికించలేదు. ట్యూనర్ అడుగు పలక ఊడదీసినప్పుడు అసలు సంగతి కనపడింది. పెడల్స్ పక్కన, అడుగు చెక్క మీద, తెల్లటి వలయాలు. ఒకదాని మీద ఒకటి, సున్నం ముగ్గు పెట్టినట్టు.

అవ్వ చెంబు పెట్టిన గుర్తులవి.

పియానో అమ్మిన దొరసాని మా తాతకి ఒకే ఒక్క జాగ్రత్త చెప్పిందట, ఎండాకాలంలో దీని లోపల నీళ్ళు పెట్టమని. తాత ఆ పని అవ్వకి అప్పజెప్పాడు. శివరాత్రి పోయిన మర్నాటి నుంచి తొలకరి దాకా పియానో కడుపులో ఒక ఇత్తడి చెంబు, దానిలో మునిగి సగం బయటికి వేలాడే పాత పంచె ముక్క. రెండు మూడు రోజులకి చెంబు ఖాళీ అయ్యేది. అవ్వ మళ్ళీ నింపేది. వీధిలోవాళ్ళు ఏదో మొక్కుబడి అనుకునేవాళ్ళు.

2002, 2003 అంటే నాకు బాగా గుర్తు. దేశమంతా వానలు తప్పిన ఏడాది, మాకు ఆ తర్వాతదీ అంతే. కొళాయి ఎప్పుడొస్తుందో తెలీదు. ట్యాంకరు వస్తే వీధి వీధంతా బిందెలు పట్టుకుని పరుగు. మా ఇంట్లో ఆ బిందెలు మోసింది అమ్మ. వరసలో నిలబడి, తగువులు పడి, నడుమ్మీద బిందె, చేతిలో బకెట్టు. అలా తెచ్చిన నీళ్ళలోంచి అవ్వ ఒక చెంబు ముంచుకుని వెళ్ళి పియానోలో పెట్టేది.

"తాగేకి నీళ్ళు ల్యాకపోతే పెట్టెకి నీళ్ళంట!" అని అమ్మ అరిచింది ఒకరోజు. అత్త మీద అమ్మ గొంతెత్తడం నేను విన్నది ఆ ఒక్కసారే. అవ్వ తిరిగి అరవలేదు. "దానికీ దప్పికయితాది కదమ్మే," అంది, అంతే. మర్నాడు చెంబు బదులు గ్లాసు పెట్టింది.

నేను అప్పుడు అమ్మవైపు. ఇప్పుడు కూడా, ఆ రోజు ఎవరిది న్యాయమంటే అమ్మదే అంటాను. ఎవరూ వాయించని ఒక వస్తువు కోసం ఒక మనిషి నడుము నొప్పిని ఖర్చు పెట్టడం ఏ లెక్కలో చూసినా సబబు కాదు. పైగా ఆ చెంబెడు నీళ్ళతో ఏమైనా ఒరిగిందా అని ట్యూనర్‌ని అడిగితే ఆయన సూటిగా సమాధానం చెప్పలేదు. తలుపులు తెరిచిన ఇంట్లో చెంబు నీళ్ళు ఏ మూలకీ చాలవట. అయితే పియానో అడుగు భాగం మూసిన పెట్టె కాబట్టి, పలక దిగువ సగానికి కొంత తడి అందే ఉంటుందట. పగులు పైభాగంలోనే వచ్చి కింద ఆగిపోయిందని చూపించాడు. "అదే కారణమా అంటే నేను చెప్పలేను," అన్నాడు.

అవ్వకి స్వరాలు తెలీవు. కానీ లోకో షెడ్డు సైరన్‌తో కలిసే మెట్టు ఒకటి తనకి తెలుసు. దాని మీద పసుపు బొట్టు పెట్టింది కూడా. సైరన్ మోగినప్పుడు ఆ మెట్టు నొక్కి, "దిగిండాది" అనో "లేసిండాది" అనో అనేది. చిన్నప్పుడు మేమంతా నవ్వేవాళ్ళం. ట్యూనర్ నవ్వలేదు. దగ్గర దగ్గరగా ఉన్న రెండు శ్రుతులు కలిపి మోగితే వాటి మధ్య వాఁయ్ వాఁయ్ మని ఊపు పుడుతుంది, తేడా పెరిగేకొద్దీ ఆ ఊపు వేగం పెరుగుతుంది. తను బతికేది ఆ ఊపులు లెక్కపెట్టే అని చెప్పాడు. ఒకే మెట్టుకున్న మూడు తీగల్లో రెంటిని ఫెల్ట్ ముక్కతో మూసి, ఒకదాన్ని సరిచేసి, మిగతావి దానితో కలుపుతూ ఊపు ఆగేదాకా పిన్ను తిప్పుతాడు. సైరన్ ఫోర్కులాంటిదే కదా, అవ్వ విన్నదీ ఆ ఊపునే.

ఆయన పని చేస్తుండగా నాకు ఒక సంగతి తట్టింది. మా వైపు జాతర్లలో తప్పెట కొట్టేవాళ్ళు ముందు నాలుగు చెత్తపుల్లలు మంట వేసి తప్పెట కాచుకుంటారు. ఉరుముల వాళ్ళ వాద్యమూ తోలుదే. పేరులోనే మేఘం ఉన్నా తడి తగిలితే దానికీ గొంతు రాదు. తోలు ఎండితే ముడుచుకుంటుంది, అంచులు కట్టేసి ఉంటాయి కాబట్టి బిగుస్తుంది, శ్రుతి లేస్తుంది. చెక్క కూడా ఎండితే ముడుచుకునేదే, కానీ పియానోలో ముడుచుకునేది మోగే తీగ కాదు, దాన్ని ఎత్తిపట్టుకునేది. అందుకని శ్రుతి దిగుతుంది. అదే ఎండ, అదే గాలి. మా ఊరి వాద్యానికి గొంతు లేస్తుంటే లండన్ నుంచి వచ్చినదానికి గొంతు దిగుతుంది. కరువు నేలలో తోలు వాద్యాలు ఎందుకు బతికాయో నాకు ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. గొర్రె, మేక ఎక్కడైనా మేస్తాయి, వాటి తోలుకి ఇక్కడి ఎండే శ్రుతి పెడుతుంది. చెంబు నీళ్ళు అడగదు.

సాయంత్రానికి పియానో మోగింది. పాత తీగలు 440 దాకా లాగితే తెగుతాయని ఒక అరస్వరం కిందికి, 415 దగ్గర పెట్టాడు. యూరప్‌లో పాతకాలపు సంగీతం వాయించేవాళ్ళు కావాలనే ఈ శ్రుతి పెట్టుకుంటారట. ఆయన చిన్న కన్నడ భావగీతం ఒకటి వాయించాడు, రెండు నిమిషాలు ఉంటుందేమో. అడుగు స్వరాలు నా పక్కటెముకల్లో మోగాయి. చిన్న పియానోల్లో అన్నిటికంటే కింది స్వరం అసలు సరిగ్గా పుట్టదట. పై పొరలు విని, అడుగుది చెవే కల్పించుకుంటుందట.

అమ్మ అంతసేపూ అడుగు చెక్క మీది తెల్ల వలయాల వైపే చూస్తోంది. మా ఊరి నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఎసరు కాచిన గిన్నె అడుగున కూడా అలాగే పేరుకుంటుంది. ట్యూనర్ ఒక గుడ్డ తడిపి తుడవబోతే, "ఉండనీండి," అంది.

రాత్రి భోజనాల దగ్గర చిన్నాన్న కెఫే అతనికి ఫోన్ చెయ్యమన్నాడు. అమ్మ గిన్నె కింద పెట్టి, "అమ్మేదుంటే అమ్ముకోండి. పగలగొట్టేవానికి మాత్రం ఇచ్చేకి ల్యా. నా నీళ్ళు తాగిన పెట్టె అది," అంది. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. వాయించడానికి కొనేవాళ్ళు దొరకలేదు. నెల రోజులు చూసి, బెంగళూరులో నేనుండే అద్దె ఇంటికి, గ్రౌండ్ ఫ్లోరే కాబట్టి, లారీ మాట్లాడాను. ఆరుగురు మనుషులు ఎత్తారు. అనంతపురం మీదుగా వస్తుంటే చెళ్ళకెర, కల్యాణదుర్గం వైపు నుంచి మబ్బు కమ్మింది కానీ పడలేదు.

వచ్చాక వెంటనే శ్రుతి చెయ్యకూడదని ట్యూనర్ ముందే చెప్పాడు. మూడు వారాలు ముట్టుకోకుండా ఉంచాలి. చెక్క కొత్త గాలికి అలవాటు పడాలి, ఆలోపు చేసిన ఏ శ్రుతీ నిలవదు. ఇక్కడ ఆగస్టులో రోజూ ముసురు, బట్టలు ఆరడం లేదు. చెంబు అవసరం లేదని, పైగా ఇప్పుడు నీళ్ళు పెడితే పిన్నులు తుప్పు పడతాయని చెప్పాడు. అమ్మకి ఫోన్లో అదే చెప్తే, "సరే, చెంబు నేను పూజకి పెట్టుకుంటా," అంది.

ఇవాళ్టికి పదకొండో రోజు. పసుపు బొట్టు ఉన్నది వేరే మెట్టు. నేను రోజూ నొక్కేది ట్యూనర్ చాక్‌పీసుతో గీత పెట్టిన మెట్టు. ఒక్కసారి నొక్కి ఫోన్‌లో యాప్ చూస్తాను. మొదటి రోజు 415 చూపించింది. నిన్న 417. పిన్ను ఎవరూ తిప్పలేదు.